మెకానిక్ మీద పడ్డ నింద

కిందటి నెల ఈ శీర్షికలో రోజే రివియేర్ అనే సైకిలు పోటీదారుడి గురించి నాలుగు పేరాలు రాశాను. 1936లో ఫ్రాన్సులోని సాంత్ ఎతియెన్‌లో పుట్టి, ఇరవై ఒకటో ఏటికే ట్రాక్ మీద ప్రపంచ ఛాంపియన్ అయి, గంటసేపు ఒంటరిగా తొక్కే గంట రికార్డును రెండుసార్లు బద్దలుకొట్టి, ఇరవై నాలుగో ఏట టూర్ డి ఫ్రాన్స్ అనే మూడు వారాల రోడ్డు పోటీలో కొండ దిగుతూ లోయలో పడి, ఆ తర్వాత మళ్ళీ పోటీ సైకిలు ఎక్కలేకపోయిన మనిషి. ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ విడివిడిగా రాయలేను కనుక ఈ నెల శీర్షికంతా ఆయనకే ఇస్తున్నాను. ఒక ఉత్తరం మాత్రం రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. అదేదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మాస్టారూ, గంటసేపు ఒక్కడే గుండ్రంగా తిరిగాడని అంత మెచ్చుకున్నారు. పక్కన పోటీదారుడే లేని పోటీ ఏం పోటీ అండీ? గానుగెద్దు కూడా తిరుగుతుంది కదా!
— ఒక కాలేజీ విద్యార్థి

గానుగెద్దుకు గంట కొట్టి కొలిచేవాళ్ళు లేరు నాయనా. రివియేర్‌కు ఉన్నారు.

ఇటలీలోని మిలాన్‌లో విగోరెల్లి అని ఒక వెలోడ్రోమ్, అంటే సైకిలు పోటీల మైదానం, ఉంది. చెక్క పలకల ట్రాకు, ఒక చుట్టు నాలుగు వందల మీటర్లకు కాస్త తక్కువ. గంట రికార్డు అంటే, నిలబడ్డ చోటి నుంచి బయల్దేరి సరిగ్గా అరవై నిమిషాల్లో ఎంత దూరం తొక్కగలవో చూపించడం. అంతే, ఇంకో నియమం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రోడ్డు పోటీలో ఎదటివాడి వెనక చేరితే గాలి దెబ్బ సగం తగ్గుతుంది. పల్లంలో కాళ్ళు ఆడించకుండా కూర్చోవచ్చు. అలసిపోతే గేరు మార్చుకోవచ్చు. ట్రాక్ మీద ఈ మూడూ లేవు. గాలి మొత్తం నీ గుండెకే తగులుతుంది. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది కనుక కాలికి ఒక్క క్షణం విరామం లేదు. ఉన్న గేరు ఒక్కటే.

ఈ రికార్డు కోసం ఎవరెవరు అక్కడికి వెళ్ళారో చూడు. యుద్ధం జరుగుతుండగా 1942లో ఫౌస్తో కొప్పీ అదే ట్రాక్ మీద 45.798 కిలోమీటర్లు తొక్కాడు. దాన్ని దాటడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. 1956 జూన్‌లో జాక్ ఆంకెతీల్ 46.159 తొక్కితే, మూడు నెలలు తిరక్కుండానే ఎర్కోలె బాల్దీని 46.394 చేశాడు. మరుసటి ఏడు సెప్టెంబరులో రివియేర్ వచ్చాడు. ప్రొఫెషనల్‌గా అదే అతనికి మొదటి ఏడాది. 46.923. అంటే బాల్దీని కంటే అర కిలోమీటరుకు పైగా ఎక్కువ.

1958 సెప్టెంబరులో మళ్ళీ అక్కడికే వెళ్ళి తన రికార్డును తనే బద్దలుకొట్టాడు. 47.347 కిలోమీటర్లు. నలభై ఏడు దాటిన మొదటి మనిషి అతనే. ఆ గంటలో ఒక పంక్చర్ కూడా పడింది! సైకిలు మార్చుకుని మళ్ళీ ఎక్కాడు. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. ఆ వేగంలో మనిషి సెకనుకు పదమూడు మీటర్లు పోతాడు. పది సెకన్లు ఆగితే నూట ముప్ఫై మీటర్లు పోయినట్టే. పోయిన దూరం ఒక ఎత్తు, ఆగిపోయిన శరీరాన్ని మళ్ళీ ఆ వేగానికి ఎక్కించడం ఇంకో ఎత్తు. మొత్తం మీద దాదాపు నూట ఇరవై చుట్లు, చుట్టుకు ముప్ఫై సెకన్లు. ఆ రికార్డును 1967లో ఫెర్డీ బ్రాకె 48.093తో దాటేదాకా తొమ్మిదేళ్ళు నిలిచింది.

నేను పోటీదారుణ్ణి కాను, ట్రాక్ జట్టుకు మెకానిక్‌ని. ఒకసారి అందరూ వెళ్ళిపోయాక, బిగించిన సైకిలు సరిగా ఉందో లేదో చూద్దామని ఖాళీ వెలోడ్రోమ్‌లో ఎక్కాను. ఏ మాత్రం వేగం లేకుండానే ఇరవై నిమిషాలు తొక్కాను. దిగాక మెట్టు ఎక్కబోతే తొడలు వణికి గోడ పట్టుకున్నాను. రోడ్డు మీద మనకు తెలియకుండానే కాళ్ళు ఎంత విశ్రాంతి దొంగిలిస్తాయో ఆ రోజు తెలిసింది.

ప్రశ్న: తాతగారూ, ట్రాక్ సైకిలుకు బ్రేకులు ఉండవని మా అన్న అంటున్నాడు. మరి ఎలా ఆగుతారు?
— ఏడో తరగతి అమ్మాయి

మీ అన్న చెప్పింది నిజమే అమ్మలూ. వెనక చక్రానికి ఫ్రీవీలు ఉండదు. మన మామూలు సైకిలు తొక్కడం ఆపితే టకటకమని చప్పుడు చేస్తూ చక్రం తనంతట తను తిరుగుతుంది చూశావా, ఆ సదుపాయం దానికి లేదు. చక్రమూ పెడలూ కలిసే తిరుగుతాయి. ఆగాలంటే పెడల్‌ను కాలితో వెనక్కి అదిమిపట్టాలి. వేగం కొద్దికొద్దిగా తగ్గుతుంది. ట్రాక్ మీద అందరివీ అలాంటి సైకిళ్ళే కాబట్టి ముందువాడు ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం తక్కువ. రోడ్డు మీద మాత్రం రెండు బ్రేకులూ ఉంటే తప్ప సైకిలు ఎక్కకు. ఎవరు పందెం కాసినా సరే.

ప్రశ్న: ఆంకెతీల్‌కూ రివియేర్‌కూ పడేది కాదంటారు. నిజమేనా?
— ఒక పాఠకుడు

పడేది కాదు. అప్పట్లో టూర్‌లో కంపెనీ జట్లు కాకుండా దేశాల జట్లు, వాటితో పాటు ఫ్రాన్సులోని ప్రాంతాల జట్లు తొక్కేవి. 1959లో ఇద్దరినీ ఒకే ఫ్రాన్స్ జట్టులో పెట్టారు. ఒక ఒరలో రెండు కత్తులు. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచడంలోనే మూడు వారాలు గడిచిపోయాయి. స్పెయిన్ నుంచి వచ్చిన ఫెదెరికో బహమోంతెస్ గెలిచాడు. ప్రాంతీయ జట్టులో తొక్కిన ఫ్రెంచివాడే ఆన్రి ఆంగ్లాద్ రెండో స్థానం, ఆంకెతీల్ మూడు, రివియేర్ నాలుగు. పారిస్‌లో చివరి రోజు జనం ఈలలు వేసి నిరసన తెలిపారు. నాకైతే జనం కోపం న్యాయమే అనిపిస్తుంది. అయితే ఒక మాట: ఆ ఏడాది టూర్‌లో ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్ స్టేజీలు (స్టేజీ అంటే ఒక రోజు పోటీ) రెండు రివియేరే గెలిచాడు, ఆంకెతీల్‌ను వెనక్కి నెట్టి. ఈ విషయం కింది జవాబులో పనికొస్తుంది.

ప్రశ్న: గంట రికార్డు చేతిలో ఉంది. ట్రాక్ మీద ఇద్దరు ఎదురెదురు వైపుల నుంచి బయల్దేరి ఒకరినొకరు తరిమే పర్స్యూట్ పోటీలో 1957, 58, 59 వరసగా మూడేళ్ళు ప్రపంచ ఛాంపియన్. అంతటివాడు ఇంకొకడి వెనకాల కొండ దిగుతూ పడిపోవడమేమిటి? తొందరపాటు కాదా?
— ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు

తొందరపాటు అని ఒక్క మాటతో తేల్చేయకండి మాస్టారూ. ఆ రోజు అతని తలలో ఉన్న లెక్క చూడండి.

1960 టూర్. ఆంకెతీల్ ఇటలీ టూర్ గెలిచి వచ్చి ఇక్కడ దిగలేదు. ఫ్రాన్స్ జట్టులో ఇప్పుడు రివియేర్, ఆంగ్లాద్. అయిదో రోజుకు పసుపు జెర్సీ, అంటే మొత్తం లెక్కలో ముందున్నవాడు తొడిగేది, ఆంగ్లాద్ ఒంటి మీద ఉంది. ఆరో స్టేజీ సెంట్ మాలో నుంచి లోరియాన్‌కు. రివియేర్ ముందుకు దూకాడు. అతనితో పాటు ఇటలీవాడు గాస్తోనె నెన్చీని, బెల్జియంవాడు యాన్ ఆద్రియాన్సెన్స్, జర్మనీ నుంచి హాన్స్ యుంకర్మాన్. తన జెర్సీని తన జట్టువాడే లాక్కుపోతున్నాడు, ఆపించమని ఆంగ్లాద్ మేనేజర్‌ను వేడుకున్నాడు. రివియేర్ ఆగలేదు. నలుగురూ మిగతావాళ్ళకంటే పద్నాలుగు నిమిషాలు ముందు చేరారు. స్టేజీ రివియేర్‌దే. ఆ రాత్రి ఆంగ్లాద్‌కు వచ్చిన భయం ఒక్కటే: నెన్చీనిని మనవాడు తన వెంట తెచ్చి ముందు కూర్చోబెట్టాడు, ఇక అతని వెనక కొండలు దిగాల్సి వస్తుంది.

నెన్చీని కొండ దిగే తీరంటే అప్పటి వాళ్ళందరికీ భయం. అదే ఏడాది ఇటలీ టూర్‌లో గావియా కనుమ దిగుతూ అతను ఆంకెతీల్‌ను ఎంతలా వెనక్కి నెట్టాడంటే, చివరికి ఆంకెతీల్ గెలిచింది ఇరవై ఎనిమిది సెకన్లతో. మూడు వారాల పోటీలో!

ఇప్పుడు జూలై 10. పద్నాలుగో స్టేజీ, మియో నుంచి అవిన్యోన్‌కు. పసుపు జెర్సీ నెన్చీనిది. రివియేర్ రెండో స్థానంలో నిమిషంన్నర పైచిలుకు వెనక ఉన్నాడు. ఇంకో అయిదు రోజుల్లో పోంతార్లియె నుంచి బెజాన్సోన్‌కు 83 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. గంట రికార్డు మనిషికి 83 కిలోమీటర్ల ఒంటరి రోడ్డు అంటే పండగ. నిమిషంన్నర ఒక లెక్కా? కాబట్టి అతను చేయాల్సింది ఒక్కటే, అప్పటిదాకా నెన్చీనిని కళ్ళ ముందు నుంచి పోనివ్వకుండా ఉండటం. ఆ లెక్కలో నాకు తప్పు కనిపించదు. ఏ మేనేజరైనా అదే చెప్తాడు.

తప్పిందల్లా కొండ. ట్రాక్ మీద మలుపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, నూట ఇరవై సార్లు వచ్చినా అదే మలుపు, నీ వైపే వంగి నిన్ను పట్టుకుంటుంది. దక్షిణ ఫ్రాన్సులో సెవెన్ (Cévennes) అనే కొండల్లో పెర్జురే కనుమ దిగేటప్పుడు ఏ మలుపూ ముందటి మలుపులా ఉండదు. నెన్చీని ముందు, రివియేర్ అతని వెనక. ఒక వంపు దగ్గర సైకిలు రోడ్డు అంచున పొట్టి గోడకు తగిలి మనిషి అవతలికి ఎగిరిపోయాడు. జట్టు సహచరుడు లూయీ రొస్తొల్లాన్ చూసి ఆగి కేకలు పెట్టాడు కాబట్టి తెలిసింది. లేకపోతే పొదల్లో పడ్డవాడు రోడ్డు మీది వాళ్ళకు కనపడేవాడు కాదు. వెన్నుపూసలు రెండు విరిగాయి. హెలికాప్టర్‌లో మోంపెలియె ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ టూర్ నెన్చీని గెలిచాడు.

ప్రశ్న: బ్రేకులు పనిచేయలేదని రివియేరే చెప్పాడట కదా. మరి మీరు మెకానిక్ అయి ఉండి ఆ సంగతి ఒక్క ముక్క రాయలేదేం? మీ వృత్తివాళ్ళను కాపాడుకుంటున్నారా?
— ఒక పాఠకురాలు

ఇదే అమ్మా, నేను చెప్పిన ఉత్తరం.

రాయనిది నిజం. నాలుగు పేరాల్లో అది ఇమడదని వదిలేశాను. వదలకూడదు. మీరు అడిగింది మంచిదైంది.

ఆసుపత్రి మంచం మీద నుంచి రివియేర్ నింద మెకానిక్ మీద వేశాడు, బ్రేకులు పట్టలేదన్నాడు. ఆ మెకానిక్ మండిపడ్డాడు. పడడా? టూర్‌లో మెకానిక్ పని ఎలా ఉంటుందో చెప్తాను. సాయంత్రం స్టేజీ అయ్యాక జట్టు సైకిళ్ళన్నీ కడగాలి. ప్రతి రిమ్మునూ గుడ్డతో తుడిచి వేలు ఆనించి చూడాలి, గ్రీజు మరక అంటుకుని ఉందా అని. బ్రేకు రబ్బరు రిమ్ముకు ఎంత దగ్గరగా ఉందో చూసుకోవాలి. కేబుల్ కొసలో ఒక్క పోగు విడిపోయినా మొత్తం కేబుల్ మార్చాలి. తర్వాత లివరు నొక్కాలి. కళ్ళు మూసుకుని నొక్కేవాణ్ణి నేను. కంటికి కనపడని లోపం వేలికి తెలుస్తుంది. మంచి బ్రేకు సగం దూరంలో బిగుసుకుని అక్కడ నిలబడుతుంది. చెడ్డ బ్రేకు మెత్తగా లోపలికి పోతూనే ఉంటుంది. ఆ తేడా ఇప్పటికీ నా కుడిచేతి రెండు వేళ్ళలో ఉంది.

మరి లోయలో ఏమైంది? రివియేర్ జెర్సీ జేబులో పాల్ఫియం అనే మందు మాత్రలు దొరికాయి. అది చాలా బలమైన నొప్పి మందు, నల్లమందు జాతిది. ఒళ్ళు నొప్పి తెలియనివ్వదు. నొప్పితో పాటు మిగతా స్పర్శనూ మందగింపజేస్తుంది. వేళ్ళు బ్రేకు లివరును గట్టిగా పట్టి నొక్కలేకపోయాయన్నది వైద్యులు చెప్పిన కారణం. మందు వాడిన సంగతి తర్వాత రివియేరే ఒప్పుకున్నాడు. అంటే లోపం కేబుల్‌లో లేదు, చేతిలో ఉంది. నేను కళ్ళు మూసుకుని వెతికే ఆ బిగువు, అది తెలియాల్సిన వేళ్ళకే తెలియలేదు.

నా సంగతీ ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక పోటీలో మా కుర్రాడు మలుపులో జారిపడి మెడ పక్క ఎముక విరగ్గొట్టుకున్నాడు. హ్యాండిల్ వదులుగా ఉందన్నాడు. జట్టు పెద్ద అందరి ముందూ నన్ను నిలబెట్టి అడగరాని మాటలు అడిగాడు. నేను నోరెత్తలేదు. నిజంగా బిగించానా లేదా అని నాకే అనుమానం మొదలైంది. ఆ రాత్రి సైకిలు దగ్గర కూర్చుని హ్యాండిల్ బోల్టుకు పానా పెట్టి తిప్పితే పావు చుట్టు కూడా కదల్లేదు. బిగువుగానే ఉంది. మర్నాడు ఆ సంగతి చెప్పబోతే వినడానికి ఎవరికీ తీరికలేదు, జట్టు ఇంకో ఊరికి బయల్దేరిపోతోంది. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. నొప్పిలో ఉన్నవాడు దొరికిన కారణాన్ని పట్టుకుంటాడు. కానీ విన్న నలుగురిలో ఒక్కడు వచ్చి బోల్టు చూసి ఉంటే బాగుండేది.

అందుకే అమ్మా, మీ ప్రశ్నకు నా జవాబు: అవును, నా వృత్తివాళ్ళను కాపాడుకుంటున్నాను. రివియేర్ గురించి చెప్పేటప్పుడు బ్రేకులు చెడిపోయాయని ఇంకా ఎవరైనా అంటే అడ్డుపడండి. నిందను ఆ మనిషే వెనక్కి తీసుకున్నాక మనం మోసుకు తిరగడం పాపం.

ప్రశ్న: మత్తు మందులు వాడినవాడి రికార్డుకు మీరెందుకు అంత విలువ ఇస్తున్నారు? గంట రికార్డు కూడా అలా చేసిందేనా?
— ఒక మెడికల్ విద్యార్థి

గంట రికార్డుకు ముందు కూడా ఉత్తేజకాలు తీసుకున్నానని అతనే తర్వాత పత్రికలకు చెప్పాడు. దాచిపెట్టి మీకు జవాబు రాయలేను.

ఆ రోజుల్లో దాన్ని ఆపే చట్టం లేదు. ఫ్రాన్సులో డోపింగ్‌ను నేరంగా చూసే చట్టం 1965లో వచ్చింది. టూర్‌లో మొదటి పరీక్షలు 1966లో జరిగాయి. మరుసటి ఏడు జూలైలో టూర్‌లోనే వాంతూ కొండ ఎక్కుతూ బ్రిటన్ పోటీదారుడు టామ్ సింప్సన్ చనిపోయాక గాని లోకం ఉలిక్కిపడలేదు. రివియేర్ పడింది దానికి ఏడేళ్ళ ముందు. లోయలో దొరికిన ఆ మాత్రలను చూసి అప్పుడే మేలుకుని ఉంటే సింప్సన్ బతికేవాడేమో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

47.347 అనే అంకెకు నేను దణ్ణం పెట్టను బాబూ. ఇరవై రెండేళ్ళ కుర్రాడు పంక్చరైన సైకిలు దిగి ఇంకోటి ఎక్కి మళ్ళీ మొదలుపెట్టాడే, ఆ నిమిషం నాకు ఇష్టం. ఏ మందూ ఆ నిర్ణయం తీసుకోదు. డాక్టరు కాబోతున్నారు కాబట్టి మీరు నాతో ఏకీభవించకపోవచ్చు. మీ కోపం కూడా నాకు కావలసిందే.

ప్రశ్న: తర్వాత ఎలా బతికాడు? అతని గుర్తుగా ఏమైనా ఉందా, వెళ్ళి చూడొచ్చా?
— వచ్చే ఏడాది ఫ్రాన్స్ వెళ్తున్న దంపతులు

ఎనభై శాతం వికలాంగుడని తేల్చారు. సాంత్ ఎతియెన్‌లో హోటలు పెట్టి దానికి విగోరెల్లి అని పేరు పెట్టుకున్నాడు. నిలవలేదు. తర్వాత గరాజు, సెలవుల విడిది కూడా పెట్టాడు, అవీ నిలవలేదు. 1976 ఏప్రిల్ 1న గొంతు క్యాన్సర్‌తో పోయాడు. నలభై ఏళ్ళు. గెలిచిన కాలమంతా కలిపితే నాలుగేళ్ళు కూడా లేదు. హోటలు బోర్డు మీద ఆ ట్రాకు పేరు రాయించుకున్న మనిషిని తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

చూడాలంటే లొజేర్ జిల్లాలో ఫ్లోరాక్, మేరుయె ఊళ్ళ మధ్య పెర్జురే కనుమకు వెళ్ళండి. ఎత్తు వెయ్యి మీటర్ల పైచిలుకు. అతను పడిన చోట రోడ్డు పక్కన స్మారక శిల నిలబెట్టారు. చాలామంది సైకిలు మీదే వెళ్తారు. మీరూ అద్దె సైకిలు తీసుకునేట్టయితే, బయల్దేరే ముందు దుకాణం దగ్గరే రెండు లివర్లూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కి చూడండి. సగం దూరంలో బిగుసుకోకపోతే అక్కడి మెకానిక్‌కు మర్యాదగా చెప్పండి, రెండు నిమిషాల్లో సరిచేస్తాడు. పైన బాగా చలి గాలి, చేతి తొడుగులు మరచిపోవద్దు.